పైసల వెంబడి పో

తమ్మీ,

నీ కథ చదివాను. హన్మకొండ కిరాణం షాపాయన క్రిప్టో యాప్‌లో లాభం చూసుకోవడానికి అర్ధరాత్రి లేచి కూర్చోవడం, విత్‌డ్రా చేయబోతే ‘ముందు ట్యాక్స్ కట్టండి’ అని మెసేజ్ రావడం చక్కగా రాశావు. ఆ తర్వాతే ‘డబ్బంతా ఇంటర్నెట్‌లో కలిసిపోయింది’ అని ఒక్క ముక్కతో తేల్చేశావు. నాకు బాధైంది. కూతురి పెళ్లికి దాచిన పైసలు ఎవరి చేతికి పోయాయో తెలుసుకోకుండా ఆ కథ ముగించకు.

ముందు అది ఏ రకం మోసమో చూసుకో. 2022 నవంబర్‌లో కూలిన ఎఫ్‌టీఎక్స్ నిజమైన ఎక్స్ఛేంజే, అంటే క్రిప్టో కాయిన్లు కొని అమ్ముకునే చోటే. జనం దాచుకున్న సొమ్మును దాన్ని పెట్టిన శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్ తన సొంత ట్రేడింగ్ కంపెనీకి మళ్లించాడు. బహామాస్‌లో ఇళ్లకూ, రాజకీయ విరాళాలకూ అందులోంచే పోయింది. 2024లో అతనికి 25 ఏళ్ల జైలు పడింది. మన దేశపు ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ సంగతి వేరు. 2024 జులైలో హ్యాకర్లు దాదాపు 23 కోట్ల డాలర్ల కాయిన్లు ఎత్తుకుపోయి, ఆనవాళ్లు దొరక్కుండా టోర్నడో క్యాష్ అనే మిక్సర్ (అందరి కాయిన్లనూ కలిపేసి ఎవరివో తెలియకుండా చేసే సర్వీసు) గుండా తిప్పారు. అది ఉత్తర కొరియా పనేనని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి.

మన షాపాయన పెట్టుకున్న యాప్ వెనక అసలు ఎక్స్ఛేంజే లేదు. అందులో కనబడిన లాభం మోసగాళ్లు వేసిన అంకెలు. ఆయన పైసలు మాత్రం యూపీఐలో ఎవరిదో బ్యాంకు ఖాతాకు పోయాయి. ఆ ఖాతా ఎవరిది? నీ కథ అక్కడుంది.

పోలీసులు దాన్ని మ్యూల్ ఖాతా అంటారు. కమీషన్ వస్తుందంటే పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ అన్నీ ఇచ్చేసిన పిల్లగాడు నీ ఈడువాడే కావచ్చు. అందులో పడ్డ సొమ్ము ముక్కలై గంటల్లోనే ఇంకొన్ని ఖాతాలకు చేరుతుంది. కొంత ఏటీఎంలో నగదుగా తీస్తారు, కొంతతో పీటూపీలో, అంటే నేరుగా ఇంకో మనిషి దగ్గర, డాలర్ విలువకు కట్టిన యూఎస్‌డీటీ అనే కాయిన్ కొంటారు. అక్కడి నుంచి దేశం దాటడానికి నిమిషాలు చాలు. కాయిన్ల లెక్కలుండే బహిరంగ చిట్టా బ్లాక్‌చెయిన్‌లో బదిలీ అందరికీ కనబడుతుంది, కాయిన్లు చేరిన వాలెట్ ఎవరిదో కనబడదు. పైసలు ఇంకా బ్యాంకుల్లో ఉండగానే ఆపగలరు కాబట్టే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయమంటారు. షాపాయన సిగ్గుతో మూడు రోజులు ఎవరికీ చెప్పలేదని రాశావు కదా, ఆ మూడు రోజుల్లో పైసలు ఎంత దూరం పోయాయో చూపించు.

ఆ పిల్లగాడు ఇచ్చింది వాళ్లమ్మ ఖాతా అనుకో. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన పైసలూ అందులోనే పడ్డాయి. ఆమె విత్‌డ్రా ఫారం మీద వేలిముద్ర వేసి ఇస్తే, ‘అమ్మా, సైబర్ కేసుంది, ఖాతా ఫ్రీజ్ అయింది’ అన్నారు. క్రిప్టో అన్న మాట ఆమె ఎన్నడూ వినలేదు. షాపాయన మీద పెట్టిన శ్రద్ధ ఆమె మీదా పెట్టు. కొడుకును దొంగని చేసి వదిలేయకు. కార్డు ఇచ్చేటప్పుడు వాడికి ఏం అవసరం పడిందో, ఏం తెలిసి కూడా అడగలేదో రాయి.

సైబర్ క్రైమ్ స్టేషన్ దగ్గర బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకొని కూర్చునేవాళ్లతో మాట్లాడు. వాళ్ల అసలు పేర్లు, ఊర్లు కథలోకి రానీయకు. తిరగరాశాక మళ్లీ పంపు, తొందరేం లేదు.

నీ
అన్న