సమాధానం: సింగ్‌నగర్‌లో అమ్మానాన్నల ఫోన్లు కలవకపోతే

డాలస్ నుంచి ఎన్నిసార్లు చేసినా విజయవాడ సింగ్‌నగర్‌లోని మీ అమ్మానాన్నల ఫోన్లు స్విచ్ఛాఫ్ అని వస్తున్నాయంటే, బుడమేరు వాగు వరద నీరు చేరిన వీధుల్లో కరెంటు లేక ఛార్జింగ్ అయిపోయి ఉండవచ్చు. దయచేసి అంతకు మించి ఊహించుకోకండి.

1. ఒక ఎస్సెమ్మెస్ పంపి ఉంచండి, ఫోన్ ఆన్ అయ్యాక చూసుకుంటారు.

2. 112 (అత్యవసర సాయం), 1070 (రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూము) వంటి నంబర్లు విదేశాల నుంచి మన రాష్ట్రానికి కలవవు కనుక, ఇక్కడే ముంపు లేని చోట ఉన్న బంధువుల చేత ఫోన్ చేయించండి.

3. చాలామంది మరిచిపోయేది ఇదే: పేటపేరు ఒక్కటే చెబితే పడవవాళ్లు ఇల్లు గుర్తుపట్టలేరు. వీధి, దగ్గరి గుడి లేదా వాటర్ ట్యాంకు, ఎన్నో అంతస్తు, ఎంతమంది ఉన్నారు, నాన్నగారికి ఇన్సులిన్ అవసరమా అన్నవన్నీ ఒకే సందేశంలో తెలుగులో రాసి ఆ బంధువులకు పంపండి. క్షేమమని తెలియగానే కంట్రోల్ రూముకు చెప్పించండి. ఆ పడవ మరో ఇంటికి వెళ్తుంది.