వెన్నులోకి ఇంజెక్షన్ వేస్తే కాళ్లు పడిపోతాయా?

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. రెండు నెలలుగా నడుము నుంచి ఎడమకాలి బొటనవేలి దాకా షాక్ కొట్టినట్టు లాగుతోంది. రాత్రిళ్లు నిద్ర లేదు. నడుము నాలుగు, ఐదు పూసల మధ్య ఉండే (ఎల్4–ఎల్5) డిస్కు నరాన్ని నొక్కుతోందని ఎంఆర్‌ఐలో తేలింది. మాత్రలతో తగ్గలేదని వెన్నులోకి ఇంజెక్షన్ వేద్దామన్నారు. కాళ్లు పడిపోతాయని బంధువులు భయపెడుతున్నారు. ఆయనకు షుగర్ ఉంది. గుండెలో స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీవారిని మడమల మీద పదడుగులు నడవమనండి. ఎడమ పాదం ముందుభాగం పైకి లేవకపోతే నరం బలహీనపడుతోందన్నమాట. వెంటనే డాక్టరుకు చూపించాలి. మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా ఇంజెక్షన్ మాటే వద్దు, ఆ క్షణమే వెన్ను ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇవేవీ లేకుంటే ఇంజెక్షన్ సబబే. అది జారిన డిస్కును వెనక్కి నెట్టదు, నరం చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది. డిస్కు ముక్క చాలామందిలో నెలల మీద దానంతటదే కుంచించుకుపోతుంది. అప్పటిదాకా నిద్రపట్టేలా, నడవగలిగేలా చూడటమే దీని పని.

బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తిచ్చి, సి-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ నరం బయటికొచ్చే రంధ్రం దగ్గరికి సన్నటి సూది పంపుతారు. కొద్దిగా రంగుమందు ఎక్కించి, అది నరం వెంటే పాకుతోందని, రక్తనాళంలోకి పోవడం లేదని తేల్చుకున్నాకే అసలు మందు, అంటే వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇస్తారు. మీరు విన్న భయానికి మూలం ఇక్కడే ఉంది. రేణువులుండే స్టెరాయిడ్ పొరపాటున వెన్నుపాముకు రక్తం తీసుకెళ్లే ధమనిలోకి వెళ్తే దాన్ని మూసేయగలదు. చాలా అరుదు, కానీ జరిగింది. అందుకే రేణువులు లేని డెక్సామెథసోన్ మేలు. సి-ఆర్మ్, రంగుమందు వాడతారా, ఏ స్టెరాయిడ్ ఇస్తారు అని మొహమాటపడకుండా అడగండి. ఎక్స్‌రే లేకుండా చేతి అంచనాతో వేస్తామంటే ఒప్పుకోవద్దు.

క్లోపిడోగ్రెల్ వాడుతుండగా ఇంజెక్షన్ వేస్తే వెన్నులో రక్తస్రావమై, ఆ రక్తం గడ్డలా పేరుకుని నరాలను నొక్కే ప్రమాదముంది. మామూలుగా వారం ముందు ఆపిస్తారు. అలాగని మీ అంతట మీరు ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. ఆపాలా, వాయిదా వేయాలా అన్నది గుండె డాక్టరే చెప్పాలి. స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ఆ వారమంతా రోజూ పరీక్షించుకోవాలి.

ఆ రోజు కాలు బరువెక్కవచ్చు, బండి నడపనివ్వకండి. ఉపశమనం రెండు రోజుల నుంచి వారంలో తెలుస్తుంది. మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టవద్దు. మొదటిది ఎంత పనిచేసిందో చూశాకే రెండోది. జ్వరం వచ్చినా, నడుంనొప్పి రోజురోజుకీ పెరిగినా, కాలు మరింత బలహీనపడినా ఆలస్యం చేయకండి.

ప్రశ్న: నాకు నొప్పి నడుములోనే, కాల్లోకి దిగదు. రేడియోఫ్రీక్వెన్సీతో నరం కాలుస్తామన్నారు. చేయించుకోవచ్చా?

జవాబు: కాల్చేది కాలి నరాన్ని కాదు, వెన్నుపూసల వెనుక కీళ్ల నొప్పిని మోసే సన్నటి నరాలను. సూది కొనను సుమారు 80 డిగ్రీలకు వేడిచేసి, ఒక్కోచోట నిమిషం, నిమిషంన్నర ఉంచుతారు. ముందుగా ఆ నరాలకే మత్తుమందు ఇచ్చి చూడాలి, వీలైతే రెండుసార్లు. మందు పనిచేసిన కొన్ని గంటలూ నొప్పి బాగా తగ్గితేనే కాల్చడంలో అర్థముంది. ఆ పరీక్ష లేకుండా చేయించుకోకండి. నరం మళ్లీ పెరుగుతుంది కాబట్టి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉపశమనం ఉంటుంది. మొదటి వారం, రెండు వారాలు నొప్పి పెరిగినట్టనిపిస్తే కంగారుపడవద్దు.