గెడ్డ పొంగకముందే అవతలి ఊళ్లు చూసిరా

చిట్టితల్లీ,

నీకు పెదబయలు మండలంలో నర్సుగా సబ్ సెంటర్ ఇచ్చారని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ రాత్రంతా నిద్రపోలేదు. మన ఇంట్లో నా తరవాత ఆ కొండలెక్కే పిల్ల ఇంకొకతి ఉందని ముందు సంతోషం. తెల్లారేసరికి ఆ సంతోషం మీద కొండవాగు భయం, ఆ గెడ్డ భయం వచ్చి కూర్చుంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు.

దోమతెర కట్టుకో. నీళ్లు కాచి తాగు. నీకు జ్వరమొస్తే మొదట నీ రక్తమే పరీక్ష చేసుకో. పొగమంచులో ఘాట్ రోడ్డు మీద బండి నడపకు. ఏ బండ మీద నిలబడితే సిగ్నల్ వస్తుందో ఊరి ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకో. ఇవి నీకు తెలిసినవే.

భాష మాత్రం నిర్లక్ష్యం చేయకు. అక్కడ అందరికీ తెలుగు వచ్చనుకోకు. సంతలో ఆదివాసీ ఒరియా నడుస్తుంది, కోందు గిరిజనుల ఊళ్లలో కువి మాట్లాడతారు. "తల నొప్పిగా ఉందా, కళ్లు మసకలా, రక్తం పోతోందా" అనే మూడు ప్రశ్నలు మొదటి వారంలోనే వాళ్ల మాటల్లో నేర్చుకో. మగవాడు మధ్యలో నిలబడి తెలుగులోకి చెప్పే జవాబు నమ్మకు. భర్త ముందు ఏ ఆడదీ రక్తం మాట చెప్పదు.

ఇప్పుడు నేను ఎవరికీ చెప్పనిది చెబుతాను. మీ పెదనాన్నకు కూడా చెప్పలేదు.

1994 ఆగస్టు. నా ఉద్యోగానికి నాలుగేళ్లు. మత్స్యగెడ్డ పాయకు అవతల పద్దెనిమిది ఇళ్ల ఊరొకటి. మూడు గంటల నడక, మధ్యలో నాటుపడవ. ఆ ఊళ్లో ఒకావిడకు ఎనిమిదో నెల. ముందు నెల చూసినప్పుడు బీపీ బాగానే ఉంది. మళ్లీ చూడాల్సిన రోజు ఒడ్డు దాకా వెళ్లాను. నీళ్లు ఎర్రగా, చెట్లను వేళ్లతో సహా ఈడ్చుకుపోతున్నాయి. పడవ మనిషి "ఈవేళ వద్దు నర్సమ్మా" అన్నాడు. వెనక్కి తిరిగాను. అది తప్పు కాదు.

మర్నాడు పీహెచ్‌సీలో రిపోర్టు ఇవ్వాలి. ఆ రాత్రి లాంతరు ముందు కూర్చుని ఆవిడ పేరుకెదురుగా 120/80 అని రాశాను. కాళ్ల వాపు లేదు అని రాశాను. తప్పు అదే. నీళ్లు తగ్గాక వెళ్లి సరిచూసుకుందాంలే అనుకున్నాను. నాలుగో రోజున తగ్గాయి. ఆ రోజు టీకాలు, మర్నాడు సంత, ఆ మర్నాడు వేరే ఊళ్లో కాన్పు. గడి ఖాళీగా ఉండి ఉంటే రిజిస్టర్ తెరిచిన ప్రతిసారీ నన్ను పొడిచేది. నిండిన గడి నన్నేమీ అడగలేదు.

పన్నెండో రోజు పొద్దువాలే వేళకు డోలీ వచ్చింది. కర్రకు కట్టిన దుప్పటిలోంచి ఒక కాలు బయటికి వేలాడుతోంది. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. రెండు రోజులుగా తలనొప్పి అంటే, పూజలు చేసి వైద్యం చెప్పే దిసారి దగ్గరికి తీసుకెళ్లారట. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయట. గెడ్డ మళ్లీ పొంగితే నలుగురు మగవాళ్లు డోలీ దించి మధ్యాహ్నం దాకా ఒడ్డునే కూర్చున్నారు. జీపు దొరికేసరికి చీకటి పడింది. పాడేరు ఆసుపత్రి చేరకముందే పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

ఆవిడ భర్త నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ రోజు నువ్వు పడవ ఎక్కి ఉంటే నువ్వూ పోయేదానివి నర్సమ్మా" అని నన్నే ఓదార్చాడు. నేను రాసిన అంకె సంగతి అతనికి తెలియదు. చెప్పే ధైర్యం నాకు రాలేదు.

అందుకని తల్లీ, చూడని బీపీ రాయకు. ఇప్పుడు రిజిస్టర్‌తో పాటు ఫోన్లో కూడా గళ్లు నింపాలట కదా. ఖాళీ కనబడితే పైనుంచి అడుగుతారు. అడగనీ. మెమో ఇస్తే తీసుకో. "గెడ్డ పొంగింది, చూడలేదు" అని రాసి సంతకం పెట్టు. తరవాత నీళ్లు తగ్గిన మొదటి రోజే, ఏ పని ఉన్నా పక్కనపెట్టి, అవతలికి వెళ్లు.

అలాగని పొంగిన గెడ్డ దాటావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి నిన్ను కిందికి లాక్కొస్తాను. మీ అమ్మకు నువ్వొక్కతివే.

దాటాల్సింది మేలో. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎవరెవరికి నెలలు నిండుతాయో ఊరూరా కాగితం మీద రాసుకో. ఇప్పుడు 108 ఉంది. దారి సరిగా లేని చోటికి బైక్ అంబులెన్సులు వెళుతున్నాయి. నా రోజుల్లో లేని రోడ్లు చాలా పడ్డాయి. అయినా డోలీ ఫొటో పేపర్లో వస్తూనే ఉంది, వచ్చిన ప్రతిసారీ నేను ముందు ఆ కాలు వైపే చూస్తాను. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం పెట్టిన దానిలాంటి వసతి గృహం నీకు దగ్గరలో ఏది ఉందో కనుక్కో. తేదీకి ముందే అక్కడికి చేర్చు.

వాళ్లు రామంటారు. మొండితనం అనుకోకు. ఇంటి దగ్గర ఇంకో పసిది ఉంటుంది, మేకలుంటాయి, చోడి (రాగి) అంబలి కాచేవాళ్లు ఉండరు. అడగాల్సింది ఆమెను కాదు, అత్తను. పసిదాన్ని కూడా వెంట తీసుకెళ్లొచ్చేమో ముందే అడిగిపెట్టు. మొదటిసారి నువ్వే వెంట వెళ్లు. దిసారితో పోట్లాడకు. ఆ చావు తరవాత నేను మా దిసారి ఇంటికి వెళ్లి, "పూజ నువ్వు చేయి, తలనొప్పి, వాపు ఉంటే మాత్రం అదే పూట నా దగ్గరికి పంపు" అని బతిమాలాను. తరవాతి ఏళ్లలో ముగ్గురిని పంపాడు. ముగ్గురూ బతికారు.

తలనొప్పి, మసకలు ఉండి బీపీ ఎక్కువుంటే మూత్రంలో ప్రోటీన్ చూడు. ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు వేసి పంపు, వేసిన టైము చీటీ మీద రాసివ్వు. ఆ ఇంజెక్షన్లు స్టాకులో ఉన్నాయో లేదో చేరిన రోజే చూసుకో. నా బీరువాలో ఏమున్నాయో ఆ రోజు నాకు తెలియదు.

చలికాలానికి నా ఉన్ని శాలువ పంపుతున్నాను. కాన్పు అయ్యాక పసిబిడ్డను తల్లి గుండెకు ఆనించి పైన కప్పడానికి పనికొస్తుంది. నీకు కావాలంటే ఇంకోటి కొంటాను.

ఆవిడకు అప్పటికే మూడేళ్ల కూతురుంది. డోలీ వెనకాల ఏడుస్తూ గెడ్డ దాకా వచ్చిందట. ఇప్పుడూ ఆ ఊళ్లోనే ఉంటోందనీ, మళ్లీ నెల తప్పిందనీ మా పాత ఆశా చెప్పింది. నువ్వు చేరిన వారంలోనే ఆ ఊరు వెళ్లు. కూర్చోబెట్టి, కాసేపు ఊపిరి తీసుకోనిచ్చి, బీపీ చూడు. అంకె నాకు చెప్పక్కర్లేదు. చూశానని ఒక్క ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ