అప్‌డేట్ తర్వాత ఫైర్‌ఫాక్స్ నెమ్మదించిందా? పాత వెర్షన్‌కు వెళ్లకండి

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అప్‌డేట్ అయినప్పటి నుంచీ ట్యాబ్ మారిస్తే తెల్ల తెర కనిపిస్తోందని, ఫ్యాన్ ఆగడం లేదని, పాత వెర్షన్‌కు వెళ్లిపోతానని మీరు రాశారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. సెక్యూరిటీ ప్యాచ్‌లు పోతాయి. పైగా 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి, కొత్తదానిలో వాడిన ప్రొఫైల్‌ను (మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు దాచే ఫోల్డర్‌ను) పాత వెర్షన్ మామూలుగా తెరవదు. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు కనపడక ఇంకో టెన్షన్.

మెనూలో 'మోర్ టూల్స్' కింద 'టాస్క్ మేనేజర్' తెరవండి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు మీరు జోడించిన చిన్న ప్రోగ్రామ్) ఎంత మెమరీ తింటోందో అక్కడే తెలిసిపోతుంది. నా అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదే. హెల్ప్ మెనూలో 'ట్రబుల్‌షూట్ మోడ్' ఎంచుకుంటే అవన్నీ తాత్కాలికంగా ఆగుతాయి. అప్పుడు సాఫీగా నడిచిందా, మామూలు మోడ్‌కు వచ్చి ఒక్కొక్కటే ఆపి చూడండి.

మామూలు మోడ్‌లో ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపినా తెల్ల తెర పోలేదంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి, ఎందుకంటే ట్రబుల్‌షూట్ మోడ్ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను (బొమ్మలు, వీడియోల పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సదుపాయాన్ని) కూడా ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో 'పర్ఫార్మెన్స్' దగ్గర సిఫార్సు చేసిన సెట్టింగ్స్ టిక్ తీస్తే ఆ ఆప్షన్ బయటపడుతుంది. అది ఆపి, బ్రౌజర్ మూసి తెరవండి. దాంతో కుదుటపడితే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసి, యాక్సిలరేషన్ మళ్లీ ఆన్ చేయండి. శాశ్వతంగా ఆపేస్తే వీడియోల భారం సీపీయూ మీద పడుతుంది.

ఇక ట్యాబ్‌లు పైన కాకుండా పక్కన ఒకదాని కింద ఒకటి కనిపించే నిలువు ట్యాబ్‌లు నచ్చకపోతే సైడ్‌బార్ సెట్టింగ్స్‌లో టిక్ తీసేయొచ్చు. ట్యాబ్‌లు ఎక్కువ తెరిచేవారికి మాత్రం అవి నిజంగా మంచి ఫీచర్, పేర్లు మరింత బాగా కనిపిస్తాయి.