దీపావళికి ఎక్కించి, ఉగాదికి దించండి

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మేం మిషిగన్‌లో, నోవైలో ఉంటాం. ఆరేళ్లుగా కరోలా నడుపుతున్నాను. ఈమధ్య 2015 బీఎండబ్ల్యూ 328ఐ ఒకటి చూశాను, వెనక చక్రాల డ్రైవ్, అంటే ఇంజను తిప్పేది వెనక చక్రాలనే. నడిపి చూస్తే దిగబుద్ధి కాలేదు. అడ్వాన్సు ఇద్దామనుకుంటుంటే మొన్న పాట్‌లక్‌లో స్నేహితులంతా ఒక్కటయ్యారు. "మిషిగన్‌లో రియర్ వీల్ డ్రైవా? నవంబర్ నుంచి మార్చి దాకా కవర్ కప్పి దణ్ణం పెట్టుకో" అన్నారు. ఆఫీసు ఆబర్న్ హిల్స్‌లో, రోజూ ఐ-696, ఐ-75 మీద వెళ్లి రావాలి. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చిన్న ఎత్తు ఉంది. మా ఆవిడకి ఫిబ్రవరిలో డెలివరీ. డిక్కీలో ఇసుక మూటలు వేసుకుంటే చాలని ఒకాయన సలహా. కొనొచ్చంటారా?

జవాబు: అలా అన్నవాళ్లలో వెనక చక్రాల బండి ఒక్క చలికాలమైనా నడిపినవాళ్లు ఎంతమందో అడిగారా? అడక్కపోతే పోనివ్వండి, పాట్‌లక్ పాడవుతుంది.

మా నాన్న విజయవాడలో అంబాసిడర్ టాక్సీ తోలేవారు. అంబాసిడర్, జీపు, ఓమ్ని వ్యాను, అన్నీ వెనక చక్రాల బళ్లే. 1983లో మారుతి 800 వచ్చాకే మనవాళ్లు ముందు చక్రాలకి అలవాటు పడ్డారు. వానాకాలంలో ఉయ్యూరు అవతల కాలవ గట్టు మీద బండి దిగబడితే నాన్న ఎప్పుడూ ఒకటే చేసేవారు. ప్యాసింజర్లలో ఇద్దరు లావుపాటి వాళ్లని వెనక బంపర్ మీదకి ఎక్కించి, వెనక చక్రాల కింద వరిగడ్డి తొక్కించి, సెకండ్ గేర్‌లో క్లచ్ మెల్లగా వదిలేవారు. ఫస్ట్ గేర్ వేసి రేజ్ చేస్తే చక్రం గొయ్యి తవ్వుకుని కూర్చుంటుంది. రేగడి బురదకీ నోవై మంచుకీ తేడా రంగులోనే. చక్రం మీద బరువుండాలి, చక్రం కింద పట్టుండాలి, కాలు నెమ్మదిగా పడాలి.

ముందు బరువు సంగతి. మీ కరోలాలో ఇంజను, గేర్‌బాక్సు, బండిని లాగే చక్రాలు అన్నీ ముందే ఉన్నాయి. మొత్తం బరువులో ఇంచుమించు అరవై శాతం ముందు చక్రాల మీదే పడుతుంది, అందుకే అది మంచులో లాక్కుపోతుంది. పాత అంబాసిడర్ గానీ, ఖాళీ పికప్ ట్రక్కు గానీ వెనక తేలిగ్గా ఉంటాయి. ఇసుక మూటల సలహా ఆ బళ్ల కోసం పుట్టింది. మీరు చూసిన బండిలో బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. దానికి మూటలు మొయ్యక్కర్లేదు. అరవై పౌన్ల మూట ఒకటి వేసుకోండి, చాలు. అది బరువుకి కాదు, దిగబడినప్పుడు చక్రం కింద చల్లుకోడానికి. డిక్కీలో కదలకుండా కట్టెయ్యండి.

ఇక పట్టు. ఇక్కడే మీ డబ్బు ఖర్చవ్వాలి. బండి బేరంలో వెయ్యి డాలర్ల పైన పక్కకి పెట్టి నాలుగు వింటర్ టైర్లు కొనండి. వెనక రెండే వేస్తే చాలని షాపువాడు అన్నా వినకండి. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి మలుపు తిరగదు, బ్రేకు వేసినా ఆగదు. ఆల్ సీజన్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందకి వెళ్లేకొద్దీ గట్టిపడుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉండి రోడ్డుని పట్టుకుంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ ఉందో లేదో చూడండి. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు మాత్రమే ఉంటే అది లెక్కలోకి రాదు. ఎప్పుడు మార్చాలంటే, మా ఇంట్లో లెక్క దీపావళికి ఎక్కించడం, ఉగాదికి దించడం. ఉగాది మార్చిలో వచ్చిన ఏడాది మాత్రం ఇంకో మూడు వారాలు ఆగండి. ఈ రాష్ట్రానికి పంచాంగం తెలీదు.

బండి చూడ్డానికి మళ్లీ వెళ్లినప్పుడు వెనక టైర్ల వెడల్పు అంకె చదవండి. కొన్నిటికి ముందు 225, వెనక 255 మిల్లీమీటర్లు ఉంటాయి. ఆ వెడల్పు టైరు వేసవిలో అందం, మంచులో పడవ. చలికాలానికి వేరే పదిహేడు అంగుళాల రిమ్ములు తీసుకుని నాలుగింటికీ 225/50 సైజు టైర్లు వేయించండి. రెండు జతలూ మార్చి మార్చి వాడతారు కాబట్టి రెండూ ఎక్కువ కాలం వస్తాయి. ఈ బండికి మామూలుగా స్టెప్నీ ఉండదు, ఆ సంగతీ గుర్తుంచుకోండి. కింద పడుకుని బ్రేకు గొట్టాలకి పట్టిన తుప్పు చూడండి. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు బండిని పైనుంచి కాదు, కిందనుంచి తింటుంది. టైర్లలో గాలి కూడా చూసుకుంటూ ఉండాలి. ఫారన్‌హీట్‌లో పది డిగ్రీలు పడితే టైరులో గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. అక్టోబర్‌లో 60 డిగ్రీలప్పుడు 35 పట్టించి మర్చిపోతే, సున్నా డిగ్రీల పొద్దున 29 ఉంటుంది.

ఈ టైర్ల పాఠం నేను ఉచితంగా నేర్చుకోలేదు. 1999లో ఈ దేశం వచ్చి కొన్న నా మొదటి బండి 1991 వోల్వో 240, అదీ వెనక చక్రాలదే. టైర్లు బాగున్నాయని అమ్మినాయన చెప్పాడు, నేను నమ్మాను. ఇప్పుడైతే పావు డాలర్ నాణెం తలకిందులుగా టైరు గాడిలో పెట్టి చూస్తాను. వాషింగ్టన్ గారి తల మొత్తం కనిపిస్తే ఆ టైరుతో మంచులోకి వెళ్లకూడదు. అప్పట్లో నా దగ్గర నాణేలూ తక్కువే, తెలివీ తక్కువే. 2000 జనవరిలో ఒక సాయంత్రం ఐ-275 దిగే గుండ్రటి ర్యాంపు మీద, ముప్ఫై మైళ్ల వేగం కూడా లేదు, వెనక భాగం కొద్దిగా జారింది. భయంతో యాక్సిలరేటర్ మీంచి కాలు ఠక్కున తీసేశాను. అదే నేను చేసిన తప్పు. కాలు తీయగానే బరువంతా ముందుకి ఒరుగుతుంది, వెనక ఇంకా తేలికవుతుంది. తోక ముందుకొచ్చింది. నేను వచ్చిన దారివైపే చూస్తూ ఎడమ పక్క మంచు కుప్పలో ఆగాను. దెబ్బలేం తగల్లేదు. పక్క సీట్లో ఉన్న క్యారేజీ మాత్రం ఎగిరింది. ఏప్రిల్ దాకా హీటరు వేసినప్పుడల్లా పప్పుచారు వాసనే.

తోక జారినప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. మీరు వెళ్లాల్సిన చోటుకేసి చూస్తూ స్టీరింగు అటే తిప్పండి, బండి సర్దుకుంటుండగానే తిప్పింది వెనక్కి తిప్పెయ్యండి. రెండోది మర్చిపోతే తోక ఇటునుంచి అటు కొడుతుంది. మీ బండికి నాకు లేని సాయం ఒకటుంది. 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. జారడం మొదలవగానే అదే ఇంజను తగ్గించి, కావలసిన చక్రానికి బ్రేకు వేస్తుంది. కానీ దానికీ పట్టు ఇవ్వాల్సింది టైరే. నాలుగు చక్రాలనీ ఇంజను తిప్పే ఆల్ వీల్ డ్రైవ్ సంగతీ అంతే. అది కదలడానికి సాయం చేస్తుంది, ఆపడానికి చెయ్యదు. మొదటి మంచు రోజున పక్కన చూడండి, కందకంలో పెద్ద పెద్ద ఎస్‌యూవీలే ఎక్కువ కనిపిస్తాయి.

మొదటి మంచు పడ్డ ఆదివారం పొద్దున్నే, అడిగి ఒప్పించుకుని, స్తంభాలు లేని ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్లండి. పదిహేను మైళ్ల వేగంలో బ్రేకు గట్టిగా తొక్కండి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పాదం కింద గరగరలాడుతుంది, దానికి జడిసి కాలు తియ్యకండి. తర్వాత నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ కాస్త ఎక్కువ గ్యాస్ ఇచ్చి, తోక ఎప్పుడు కదులుతుందో మీ నడుముకి తెలియనివ్వండి. చేతుల కంటే ముందు నడుముకే తెలుస్తుంది. అరగంట చాలు.

గేటు దగ్గర ఎత్తుకి కింద ఆగకుండా, ఒకే వేగంతో ఎక్కెయ్యండి. మధ్యలో చక్రాలు ఊరికే తిరుగుతుంటే ట్రాక్షన్ కంట్రోల్ ఆపెయ్యండి, లేకపోతే అది ఇంజనుని నొక్కేసి బండిని కదలనివ్వదు. అప్పటికీ ఎక్కకపోతే దిగి, నాన్న లాగా చక్రాల కింద ఇసుక చల్లండి.

ఇన్ని చెప్పి, మీ స్నేహితుల మాట ఒకచోట ఒప్పుకుంటాను, వాళ్లకి తెలియని కారణానికి. ఫిబ్రవరిలో మీ ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన అర్ధరాత్రి ఎనిమిది అంగుళాల మంచు పడి, దాన్ని తోసే ప్లౌ బండి ఇంకా రాకపోతే, ఈ బండి అడుగు నేలకి దగ్గర కాబట్టి మంచు మీద పడవలా కూర్చుంటుంది. కరోలా కూడా అంతే అనుకోండి, కానీ అది మీ చేతికి ఆరేళ్లుగా అలవాటు. కరోలా కూడా ఉంచుకుని, రెండు బళ్లకీ నాలుగేసి వింటర్ టైర్లు వేయించే డబ్బు ఉంటే బీఎండబ్ల్యూ కొనండి. నాలుగింటికే ఉంటే ఆ నాలుగూ కరోలాకి వేసి, ఈ కోరిక ఏప్రిల్ దాకా వాయిదా వెయ్యండి.

ప్రశ్న: మాది కెనడాలో బ్రాంప్టన్. వెనక మోటారున్న టెస్లా మోడల్ 3 తీసుకున్నాం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బ్రేకు వేసినట్టు ఆగుతుంది. మంచులో ఇది మంచిదేనా?

జవాబు: జాగ్రత్తమ్మా. కాలు తీసినప్పుడు ఆ బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. మంచు మీద అది నేను ర్యాంపు మీద చేసిన పనితో సమానం. కాలు ఒక్కసారిగా ఎత్తకుండా, వేడి పాలగిన్నె దించినట్టు మెల్లగా ఎత్తండి. కాలు తీస్తే మోటారే వేసే ఈ బ్రేకుని రీజెన్ అంటారు, మీ మోడల్‌లో దాన్ని తగ్గించే సెట్టింగ్ ఉంటే చలికాలం అంతా తగ్గించి ఉంచండి. అంటారియోలో వింటర్ టైర్లు తప్పనిసరి కాదు గానీ, 2016 నుంచి వాటికి ఇన్సూరెన్స్ కంపెనీలు తగ్గింపు ఇవ్వాలి, అడిగి తీసుకోండి. మాంట్రియల్‌లో చుట్టాలుంటే ఇంకోటి. క్విబెక్‌లో రిజిస్టరైన బళ్లకి డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టం.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి థార్ రియర్ వీల్ డ్రైవ్‌లో జనవరిలో మనాలీ వెళ్దామని ఉంది. అటల్ టన్నెల్ దాటొచ్చా?

జవాబు: మనాలీ దాకా వెళ్లండి. మంచు పడ్డాక సోలాంగ్ నుంచి టన్నెల్ వైపు చాలాసార్లు నాలుగు చక్రాలనీ ఇంజను తిప్పే ఫోర్ బై ఫోర్ బళ్లనే వదులుతారు. చెక్‌పోస్టు దగ్గర మీది థార్ అన్న మాట పనిచెయ్యదు, లోపల ఫోర్ బై ఫోర్ లివర్ ఉందా లేదా చూస్తారు. అలాంటి రోజు స్థానిక టాక్సీ మాట్లాడుకోండి. చైన్లు కొంటే మీ బండికి అవి వెనక చక్రాలకి వెయ్యాలి. బయలుదేరే ముందు మీ ఇంటి ముందు ఎండలో రెండుసార్లు వేసి విప్పి చూడండి. వేళ్లు కొంకర్లు పోయాక ఆ కొక్కెం దొరకదు.