వెయ్యి ముక్కల పజిల్‌కి సొరుగుల బోర్డు: అమ్మ కోసం రెండుసార్లు చేశాను

భోజనాల బల్ల మీద జిగ్‌సా పజిల్ (ముక్కలు కలిపి బొమ్మ పూర్తిచేసేది) పరిస్తే పూటపూటకీ తీయాల్సి వస్తోంది, సొరుగులున్న చెక్క బోర్డు ఇంట్లో చేసుకోవచ్చా, ఏ ప్లైవుడ్ తీసుకోవాలి అని అడిగారు. చేసుకోవచ్చండీ. మాది తిరుపతి. నేను రెండు చేశాను. మొదటిది పనికిరాలేదు, రెండోది రోజూ వాడుతున్నాం.

మా అమ్మ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయింది. మోకాలి ఆపరేషన్ తరవాత మంచం మీద కూర్చునే పజిల్స్ పెట్టడం మొదలుపెట్టింది. అవీ ఎక్కువ మ్యాపులే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే, మ్యాపులు చెక్కి అచ్చేసే పనివాడు పిల్లలకు భూగోళం నేర్పడానికని మ్యాపుని చెక్కకు అంటించి, దేశాల సరిహద్దుల వెంబడి కోసి అమ్మాడు. ఆ సంగతి చెబితే అమ్మ, "అట్లాంటిది ఒక్కటున్నా మా పిల్లోళ్లకి ఆఫ్రికా ఎంత బాగా వచ్చుండునో" అంది.

మొదటి బోర్డుకి ఇంట్లో కప్‌బోర్డుల పనిలో మిగిలిన 18 మిల్లీల (మిల్లీమీటర్ల) మందం ప్లై వాడాను. పై పలకే ఏడు కేజీలు తూగింది. అడుగూ సొరుగులూ కలిస్తే పదిహేను దాటింది. అమ్మ ఒక్కతే దాన్ని మంచం మీదికి లాక్కోలేదు. ఎవరి కోసం చేశానో వాళ్లే ఎత్తలేకపోతే ఆ బోర్డు ఎందుకు? అందుకే మీకు ముందుగా చెప్పేది: బరువు చూసుకోండి. పైకి 9 మిల్లీలు, అడుగుకి 6, సొరుగుల అడుక్కి 4 చాలు. నీళ్లలో నానే వస్తువు కాదు కాబట్టి నీళ్లకు తట్టుకునే ప్లై, అంటే 710 గ్రేడు అక్కర్లేదు, ఇంటి లోపలి పనులకు వాడే మామూలు 303 గ్రేడు సరిపోతుంది. షీటు మొత్తం కొనకండి. ప్లైవుడ్ షాపుల్లో కట్ పీసులుంటాయి, అడిగితే కొలతకు కోసిస్తారు. రెండో బోర్డు ఎనిమిది తొమ్మిది కేజీల్లో తేలింది.

కొలత పజిల్ దగ్గర మొదలుపెట్టండి. వెయ్యి ముక్కలది పూర్తయితే సుమారు 27న్నర అంగుళాల పొడవు, 19న్నర వెడల్పు వస్తుంది. అంటే దగ్గరదగ్గర 536 చదరపు అంగుళాలు. అవే ముక్కలు విడివిడిగా, బొమ్మ పైకి కనబడేలా పరిస్తే దాదాపు రెట్టింపు చోటు కావాలి. నేను పై పలక 36 × 26 అంగుళాలు పెట్టాను. నాలుగు సొరుగుల్లో కలిపి 670 చదరపు అంగుళాల దాకా వస్తుంది, మిగతా ముక్కలు పజిల్ చుట్టూ ఉన్న ఖాళీలో పడతాయి. సొరుగు లోతు ముప్పావు అంగుళం చాలు. లోతుగా పెడితే ముక్కలు ఒకదానిమీదొకటి పడి, వెతకడం మళ్లీ మొదటికొస్తుంది. సొరుగులు ఎడమకు రెండు, కుడికి రెండు తెరుచుకోవాలి. ముందుకి పెడితే కూర్చున్నవాళ్ల పొట్టకు తగులుతాయి.

పైపలకకీ అడుక్కీ మధ్య అంగుళం ఎత్తు రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) పెట్టి ఫ్రేము కట్టాం. మొత్తం మందం 40 మిల్లీలు, పైన ముక్కలు జారిపోకుండా అంచుకి కొట్టిన బీడింగ్ పట్టీ ఇంకో ఆరు. మంచం కిందికి సులువుగా దూరుతుంది.

మా ఊళ్లో అసలు పరీక్ష నవంబరులో వస్తుంది. ఎండాకాలంలో చక్కగా జారిన సొరుగులు ఈశాన్య రుతుపవనం వానలకు ఉబ్బి బిగుసుకుపోయాయి. ప్లై పెద్దగా కదల్లేదు, పక్కలకు వేసిన మామూలు చెక్క పట్టీలే ఉబ్బాయి. అమ్మ గట్టిగా లాగేసరికి ఒక సొరుగు ముందుపట్టీ చేతికే ఊడొచ్చింది. వడ్రంగి ఆచారిని పిలిస్తే ఆయన సొరుగుల్ని బయటికి లాగి, రెండు వైపులా చిత్రిక పట్టి, పక్కలకు కొవ్వొత్తి రుద్దాడు. అంతే, మళ్లీ మెత్తగా జారాయి. సొరుగుకి రెండు పక్కలా రెండేసి మిల్లీలు, పైన మూడు మిల్లీలు సందు వదలాలని అప్పుడు తెలిసింది. ఇంకో తప్పూ చేశాను: వార్నిష్ పైవైపే వేశాను, పలక వంగింది. రెండు వైపులా, అంచులకూ వేయండి.

పైపలకకు గుడ్డ అంటించొద్దని నా అభిప్రాయం. ఉప్పు కాగితంతో నునుపు చేసిన చెక్క మీద, అతుక్కున్న భాగాన్ని మొత్తంగా జరపొచ్చు. మెరుపు లేని వార్నిష్ వేస్తే ట్యూబులైటు కంట్లో కొట్టదు. సొరుగుల్లో మాత్రం లేత బూడిదరంగు ఫెల్ట్ (మెత్తటి దళసరి గుడ్డ) వేయండి, తెరిచి మూసేటప్పుడు ముక్కలు కదలవు. ఫెవికాల్ పలచగా పూయాలి, ఎక్కువైతే గుడ్డ మీదికి ఊరి మరకవుతుంది.

సొరుగులకు గడియలు మరిచిపోకండి. ఒకసారి బోర్డు పక్కకు వాల్చి మోస్తుంటే సొరుగు జారి, నీలం ముక్కలన్నీ గది నిండా పడ్డాయి. హిందూ మహాసముద్రంలో ఒక ముక్క దొరకలేదు. మూడు రోజుల తరవాత అమ్మ చెప్పులో దొరికింది. ఇప్పుడు ప్రతి సొరుగు పక్కన బొటనవేలంత చెక్క ముక్క ఒక స్క్రూ మీద తిరుగుతూ ఉంటుంది. తిప్పితే మూత, మళ్లీ తిప్పితే తెరుపు. పిడులు పెట్టలేదు, చీరకు తగులుకుంటాయి. వేలు పట్టేంత గాడి కోయించాం.

ఆచారి చేత చేయిస్తుంటే ఒక్కటి గట్టిగా చెప్పండి: ఫ్రేము బిగించాక లోపలి కొలత తీసుకుని, ఆ తరవాతే సొరుగులు కోయాలి. కాగితం మీది లెక్కతో ముందే కోస్తే నాలుగింట్లో కనీసం ఒకటి పట్టకుండా పోతుంది.