జనరల్ పోల్యకోవ్ అమెరికాకు ఎందుకు పనిచేశాడు?

దిమిత్రి పోల్యకోవ్ రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్టిలరీ అధికారి. తర్వాత సోవియట్ సైనిక గూఢచార సంస్థ జీఆర్‌యూలో చేరి, న్యూయార్క్, రంగూన్, మన ఢిల్లీలో పనిచేసి, 1970లలో జనరల్ అయ్యాడు. ఇది పైకి కనిపించే కెరీర్. 1960ల మొదట్లోనే న్యూయార్క్‌లో ఎఫ్‌బీఐతో చేయి కలిపాడు. తర్వాత సీఐఏకి కూడా పనిచేశాడు.

డబ్బు కోసమైతే కాదు. అతను పుచ్చుకున్నవి పవర్ టూల్స్, గాలాల సామాను, వేట తుపాకులు. కొడుకుకు అమెరికాలో ఆపరేషన్ చేయించడానికి సోవియట్ పై అధికారులు ఒప్పుకోలేదని, అందుకే బిడ్డ పోయాడని ఒక కథనం. అదొక్కటే కారణమని నాకనిపించదు. సోవియట్ పాలకవర్గం కుళ్లిపోయిందన్న కోపం అతనిలో బలంగా ఉండేదని అతన్ని ఎరిగిన సీఐఏ వాళ్లే చెప్పారు. చైనాతో సోవియట్ విభేదాలు ఎంత ముదిరాయో అమెరికాకు తెలియడంలో అతని పాత్ర పెద్దది.

1979లో అతని పేరు సోవియట్లకు అమ్మింది ఎఫ్‌బీఐ ఏజెంట్ రాబర్ట్ హాన్సెన్. విచిత్రంగా, 1980లో మాస్కోకు పిలిపించినా వెంటనే అరెస్టు చేయలేదు. 1985లో సీఐఏ ఉద్యోగి ఆల్డ్రిచ్ ఏమ్స్ కూడా అదే పేరు అందించాడు. 1986లో అరెస్టు, 1988లో మరణశిక్ష.